కంపెనీ నివేదికల్లో అమూర్త ఆస్తులను మాటలతో, బొమ్మలతో చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమూర్త ఆస్తులు అంటే ఏమిటి? నివేదిక రాసేవారు వేటిని దృష్టిలో పెట్టుకోవాలి?

అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం అమూర్త ఆస్తికి భౌతిక రూపం ఉండదు, అది నగదు కాదు, మిగతా వ్యాపారం నుంచి విడిగా గుర్తించడానికి వీలవుతుంది, కంపెనీ అదుపులో ఉండి మున్ముందు ప్రయోజనం తెచ్చిపెడుతుంది. పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, కాపీరైట్లు, లైసెన్సులు, సాఫ్ట్‌వేర్ ఈ నిర్వచనంలో ఇబ్బంది లేకుండా ఇముడుతాయి. అయితే మదుపరి తెలుసుకోవాలనుకునేది వీటితో ఆగదు. ఉద్యోగుల నైపుణ్యం, ఏళ్ల తరబడి పదునెక్కిన పని పద్ధతులు, కొనుగోలుదారుల నమ్మకం, సరఫరాదారులతో కుదిరిన అవగాహన, సంస్థకున్న పేరు కూడా రేపటి ఆదాయానికి ఆధారాలే. మొదటి రకానికి ఎంతో కొంత లెక్క దొరుకుతుంది. మాటలు, బొమ్మలు ప్రధానంగా అవసరమయ్యేది ఈ రెండో రకానికే కాబట్టి ఇక్కడ రెండింటినీ కలిపే చర్చిస్తున్నాం.

ఇంత ముఖ్యమైనవి ఆస్తి అప్పుల పట్టీలో (బ్యాలెన్స్ షీట్‌లో) ఎందుకు కనిపించవు?

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 38 ఈ విషయంలో కఠినంగా ఉంటుంది. కంపెనీ తానే పెంచుకున్న బ్రాండ్లను, పత్రికల శీర్షికలను, ఖాతాదారుల జాబితాలను, అలాంటి ఇతర అంశాలను ఆస్తులుగా చూపకూడదని ఆ ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. వాటి మీద పెట్టిన ఖర్చును వ్యాపారాన్ని మొత్తంగా పెంచడానికి పెట్టిన ఖర్చు నుంచి విడదీయలేమన్నది దానికి చూపే కారణం. పరిశోధన మీద పెట్టిన ఖర్చు ఆ ఏడాదే లాభనష్టాల ఖాతాలోకి వెళ్లిపోతుంది. అభివృద్ధి దశలో పెట్టిన ఖర్చును మాత్రం ఆస్తిగా చూపవచ్చు, కానీ అందుకు ఆరు షరతులున్నాయి: ఆ పని సాంకేతికంగా పూర్తి చేయడం సాధ్యం కావాలి, పూర్తి చేయాలన్న ఉద్దేశం ఉండాలి, వాడుకునే లేదా అమ్ముకునే శక్తి ఉండాలి, దానివల్ల ప్రయోజనం ఎలా వస్తుందో చూపగలగాలి, తగిన వనరులు ఉండాలి, ఖర్చును నమ్మకంగా లెక్కించగలగాలి. ఇక నైపుణ్యం గల ఉద్యోగుల విషయానికొస్తే, వారి వల్ల వచ్చే ప్రయోజనాల మీద కంపెనీకి చాలినంత అదుపు సాధారణంగా ఉండదు కాబట్టి వారు ఆస్తి నిర్వచనంలోకే రారు. ఉద్యోగి రాజీనామా చేసి వెళ్లిపోగలడు, యంత్రం వెళ్లలేదు.

ఈ కఠినత్వం వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ఒక బ్రాండును కంపెనీ ముప్పై ఏళ్లపాటు సొంతంగా పెంచుకుంటే పట్టీలో దాని విలువ సున్నా. అదే బ్రాండున్న కంపెనీని మరొకరు కొన్న మరునాడు, కంపెనీల కొనుగోళ్లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 3 ప్రకారం కొన్నవారి పట్టీలో అది గుడ్‌విల్ (విడిగా గుర్తించగల నికర ఆస్తుల విలువకు మించి చెల్లించిన మొత్తం) నుంచి వేరుగా, సొంత విలువతో కనిపిస్తుంది. బ్రాండు మారలేదు, చేతులు మాత్రమే మారాయి. ఈ తేడాను తట్టుకోలేకే బ్రిటన్‌లోని ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ కంపెనీ, ఇష్టం లేని స్వాధీన ప్రయత్నాన్ని ఎదుర్కొన్న 1988లో తన బ్రాండ్లకు 67.8 కోట్ల పౌండ్ల విలువ కట్టి పట్టీలో చేర్చింది. ఇప్పటి నియమాల కింద సొంతంగా పెంచుకున్న బ్రాండ్లకు అలా చేయడం కుదరదు.

అయితే ఐఏఎస్ 38 వీటి గురించి రాయవద్దంటుందా?

అనదు. పట్టీలో చేర్చడానికి అర్హత లేకపోయినా కంపెనీ అదుపులో ఉన్న ముఖ్యమైన అమూర్త ఆస్తుల గురించి క్లుప్తంగా వివరించమనీ, ఏటా కొంత చొప్పున ఖర్చుగా రాసి పట్టీలో విలువ సున్నా అయినా ఇంకా వాడుకలో ఉన్న వాటిని పేర్కొనమనీ ఆ ప్రమాణంలోని 128వ పేరా ప్రోత్సహిస్తుంది. అది ప్రోత్సాహమే తప్ప తప్పనిసరి కాదు కాబట్టి చాలా కంపెనీలు దాని జోలికి పోవు. విచారించదగిన విషయం ఇది, ఎందుకంటే ఆ పేరా కోరుతున్నది నాలుగైదు వాక్యాలకు మించదు.

మాటలెందుకు? విలువ కట్టి ఒక అంకె వేస్తే సరిపోదా?

ఆ ప్రయత్నం కొత్తది కాదు. ఉద్యోగులు మిగిలిన ఉద్యోగ కాలంలో సంపాదించబోయే వేతనాలను నేటి విలువకు తగ్గించి మానవ వనరుల విలువగా చూపే నమూనాను పరిశోధకులు బరూక్ లెవ్, అబా ష్వార్ట్జ్ 1971లో ప్రతిపాదించారు. లెక్క చేయడం సులువే, కానీ ఫలితాన్ని చదివేవారు ఏం చేసుకోవాలన్నది కష్టమైన ప్రశ్న. వడ్డీ రేటు ఒక శాతం అటూ ఇటూ అయితే ఆ అంకె చాలా మారిపోతుంది, జీతాలు పెరిగితే ‘ఆస్తి’ పెరిగినట్టు కనిపిస్తుంది, ఉద్యోగులు మరింత నేర్చుకున్నారా లేదా అన్నది మాత్రం అందులో ఎక్కడా తెలియదు. బ్రాండ్ల విలువకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ తెచ్చిన ఐఎస్ఓ 10668 వంటి ప్రమాణం 2010 నుంచి ఉన్నా, ఎవరి అంచనాలు తీసుకున్నారన్న దాన్ని బట్టి ఒకే బ్రాండుకు వేర్వేరు విలువలు వస్తాయి.

ఒంటరి అంకె ఒక ఆస్తి ‘ఎంత’ అన్నదానికి జవాబిస్తుంది. అమూర్త ఆస్తి విషయంలో చదివేవారికి ముందుగా కావలసినది అది ఎలా పనిచేస్తుంది, దేన్ని ఆసరా చేసుకుని నిలబడింది, ఏం జరిగితే పోతుంది అన్న వివరం. పేటెంటు ఒక్కదాన్నే పట్టుకుని విలువ కట్టడంలో ఉన్న చిక్కు కూడా ఇదే: దాన్ని ఉత్పత్తిగా మలిచే ఇంజినీర్లు, అమ్మే బృందం, సేవ చేసే కేంద్రాలు లేకపోతే అది ఒట్టి కాగితం. ఇలాంటి పరస్పర సంబంధాన్ని చెప్పడానికి వాక్యమో, పటమో కావాలి.

ఈ పద్ధతి ఎక్కడ మొదలైంది?

స్వీడన్‌కు చెందిన బీమా, ఆర్థిక సేవల సంస్థ స్కాండియా పేరు ఇక్కడ ముందుగా చెప్పుకోవాలి. 1991లో ఆ సంస్థ లీఫ్ ఎడ్విన్సన్‌ను మేధో మూలధనానికి (జ్ఞానం, నైపుణ్యం, సంబంధాల రూపంలో సంస్థకున్న సంపదకు) డైరెక్టరుగా నియమించింది. 1994 వార్షిక నివేదికకు అనుబంధంగా మేధో మూలధనాన్ని కంటికి కనిపించేలా చేసే ప్రత్యేక నివేదికను వెలువరించింది. అందులోని ‘నావిగేటర్’ అనే పటం ఇంటి ఆకారంలో ఉంటుంది. ఆర్థిక అంశాలు పైకప్పు; కొనుగోలుదారులు, పని ప్రక్రియలు గోడలు; మనుషులు ఇంటి నడుమ; పునరుద్ధరణ, అభివృద్ధి పునాది. పైకప్పు నిన్నటిని, నడిమి భాగం నేటిని, పునాది రేపటిని సూచిస్తాయి. ఆర్థిక ఫలితాలు గడిచిన కాలానికి చెందినవనీ, రేపటి బలం వేరే చోట ఉందనీ పెద్ద వ్యాసం రాసినా అంత త్వరగా అర్థం కాదు.

తర్వాత ప్రభుత్వాలు ఈ దారి పట్టాయి. కంపెనీలు మేధో మూలధన నివేదికలు రాయడానికి డెన్మార్క్ 2000లో మార్గదర్శకాలు తెచ్చి 2003లో మెరుగుపరిచింది. ఆస్ట్రియా 2002 నాటి విశ్వవిద్యాలయాల చట్టం ద్వారా తన విశ్వవిద్యాలయాలు తమ మేధో మూలధనాన్ని వివరించే జ్ఞాన నివేదిక ఇవ్వాలని విధించింది. జర్మనీ 2004లో చిన్న, మధ్యతరహా సంస్థలు ఇలాంటి నివేదిక తయారుచేసుకోవడానికి ఒక మార్గదర్శిని విడుదల చేసింది. 2013లో వచ్చిన, ఆర్థిక వివరాలను మిగతా వనరులతో కలిపి చెప్పే సమగ్ర నివేదికల (ఇంటిగ్రేటెడ్ రిపోర్టింగ్) చట్రం ఆర్థిక, తయారీ, మేధో, మానవ, సామాజిక-సంబంధాల, సహజ అనే ఆరు మూలధనాలను ఒకే చోట చెప్పింది. అమెరికాలో 2020 నవంబరు నుంచి లిస్టయిన కంపెనీలు, తమ వ్యాపారం అర్థం కావడానికి ముఖ్యమైనంత మేరకు మానవ మూలధనాన్ని వివరించవలసి ఉంది.

కథనం ఎలా రాయాలి?

డెన్మార్క్ మార్గదర్శకాలు చూపిన వరుస ఇప్పటికీ మంచిదే. మా ఉత్పత్తి వాడేవారికి ఏ విధంగా ఉపయోగపడుతుంది, అందుకు ఏ జ్ఞానం కావాలి అన్న కథనంతో మొదలుపెట్టి, ఆ జ్ఞానాన్ని నిలుపుకోవడంలో యాజమాన్యం ముందున్న సవాళ్లను, వాటికోసం చేపట్టిన పనులను చెప్పి, చివరికి ఆ పనులు ఫలిస్తున్నాయా లేదా చూపే సూచికలను ఇవ్వాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి జారిపోయినా మిగతా మూడూ బలహీనపడతాయి. సవాలు చెప్పని కథనం ప్రకటనలా ఉంటుంది. కథనం లేని సూచికలు ఎందుకున్నాయో తెలియని అంకెల కుప్ప అవుతాయి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. వినికిడి యంత్రాలు తయారుచేసే కంపెనీ ‘మా సిబ్బందే మా అమూల్యమైన సంపద’ అని రాసిందనుకోండి. దీన్ని ఎవరూ కాదనలేరు, ఎవరికీ దీనివల్ల ఏమీ తెలియదు. అదే కంపెనీ ఇలా రాసిందనుకోండి: ‘యంత్రాన్ని వాడేవారి చెవికి తగినట్టు సర్దడంలోనే మా ఉత్పత్తి మిగతావాటి కంటే మెరుగ్గా ఉంటుంది. ఆ సర్దుబాటు స్వతంత్రంగా చేయగల నిపుణుడు తయారవడానికి సుమారు రెండేళ్లు పడుతుంది. అలాంటి 40 మందిలో ఈ ఏడాది ఆరుగురు వెళ్లిపోయారు. మిగిలినవారి మీద పని పెరిగి, మొదటి నెలలోనే తిరిగి వచ్చిన యంత్రాల వాటా 4 శాతం నుంచి 7 శాతానికి చేరింది. 12 మందిని శిక్షణలోకి తీసుకున్నాం. వారిలో ఎందరు నిలిచారో వచ్చే ఏడాది ఇదే చోట చెబుతాం.’

ఇందులో విశేషణాలు దాదాపు లేవు. ఆస్తి ఏమిటో, అది డబ్బుగా మారే దారి ఏదో, ఎక్కడ తెగిందో, యాజమాన్యం ఏం చేసిందో ఒక వరుసలో ఉంది. అన్నిటికంటే ముఖ్యం చివరి వాక్యం. ఏడాది తర్వాత చదివేవారు తిరిగి వచ్చి సరిచూసుకోగలిగే మాట ఒక్కటైనా లేని కథనాన్ని నివేదికలో పెట్టకపోవడమే మేలు.

ఎలాంటి మాటలు మానుకోవాలి?

‘ప్రపంచస్థాయి’, ‘అత్యుత్తమ’, ‘నిరంతర ఆవిష్కరణ’ వంటివి మొదట తీసేయదగినవి. ఒక చిన్న పరీక్ష ఉంది: వాక్యంలో కంపెనీ పేరు తీసి పోటీ కంపెనీ పేరు పెట్టినా అది అలాగే చెల్లితే ఆ వాక్యం అక్కరలేదు. కర్త లేకుండా జారుకునే వాక్యాలు కూడా జాగ్రత్తగా చూడాలి. మంచి ఫలితాలకు ‘మేము సాధించాం’ అనీ, చెడు ఫలితాలకు ‘మార్కెట్ పరిస్థితుల వల్ల సంభవించింది’ అనీ రాయడం నివేదికల్లో బాగా పాతుకుపోయిన అలవాటు; అనుభవమున్న విశ్లేషకులు దీన్ని వెంటనే పసిగడతారు.

బొమ్మ చేయవలసిన పని ఏమిటి?

వాక్యం ఒకదాని తర్వాత ఒకటిగా చెబుతుంది. పటం ఒకేసారి పక్కపక్కన పెడుతుంది. అందుకే కాలక్రమం, కారణాలు, మినహాయింపులు మాటలకు వదిలి, ఒకదాని మీద ఒకటి ఆధారపడిన అంశాలను పటానికి అప్పగించడం మంచిది. జర్మనీ పద్ధతిలో ఉన్న ప్రభావాల పటం దీనికి తగిన ఉదాహరణ. శిక్షణ, నాయకత్వం, కొనుగోలుదారులతో సంబంధాలు, ఉత్పత్తి ఆవిష్కరణ వంటి అంశాల్లో ఏది దేని మీద ఎంత ప్రభావం చూపుతుందో సంస్థలోనివారే కూర్చుని అంచనా వేసి గీస్తారు. గీసే క్రమంలోనే అభిప్రాయ భేదాలు బయటపడతాయి. నిజానికి పటం అచ్చయిన తర్వాత కలిగే ప్రయోజనం కంటే, గీస్తున్నప్పుడు జరిగే ఆ వాదోపవాదాల వల్ల కలిగేదే కొన్నిసార్లు ఎక్కువ.

సమగ్ర నివేదికల చట్రంలోని విలువ సృష్టి పటం మరో అనుభవం నేర్పింది. ఎడమ వైపు ఆరు మూలధనాలు లోపలికి వచ్చి, మధ్యలో వ్యాపార నమూనా గుండా సాగి, కుడి వైపు మళ్లీ ఆరుగా బయటికి వెళ్లే ఆ పటానికి ‘ఆక్టోపస్’ అనే ముద్దుపేరు స్థిరపడింది. ఎన్నో కంపెనీలు తమ నివేదికల్లో దాన్నే రంగులు మార్చి వేసుకున్నాయి. బాణాలన్నీ ముందుకే సాగుతాయి, అన్ని పెట్టెలూ నిండుగా ఉంటాయి, ఏదీ తరిగినట్టు కనిపించదు. ఒక మూలధనాన్ని పెంచడానికి మరొకదాన్ని ఖర్చు పెట్టిన సంగతిని చూపని పటం సగమే చెప్పినట్టు. ఉద్యోగులను తగ్గించి లాభం పెంచుకున్న ఏడాదిలో మానవ మూలధనం పెట్టెలో ఏముందో చూస్తే ఆ నివేదిక నిజాయితీ తెలిసిపోతుంది.

పటంలో గీసిన ప్రతి బాణానికీ పక్కన వివరణలో ఒక వాక్యం ఉండాలన్న నియమం పెట్టుకుంటే అనవసరమైన బాణాలు వాటంతట అవే రాలిపోతాయి.

గ్రాఫులు ఎలా తప్పుదారి పట్టిస్తాయి?

అక్షం సున్నా నుంచి మొదలు కాకపోవడం ఎక్కువగా కనిపించే దోషం. కొనుగోలుదారుల సంతృప్తి సూచిక 80 నుంచి 84కు పెరిగిందనుకుందాం. అసలు పెరుగుదల 5 శాతం. నిలువు అక్షాన్ని 78 దగ్గర మొదలుపెడితే మొదటి కమ్మీ (బార్) ఎత్తు 2, రెండోది 6; కంటికి అది మూడింతలు, అంటే 200 శాతం పెరుగుదల. చూపిన మార్పును అసలు మార్పుతో భాగించే కొలతను గణాంకాల చిత్రణ నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో ప్రతిపాదించాడు. అది 1కి దగ్గరగా ఉండాలి, 1.05 దాటినా 0.95 కంటే తగ్గినా వక్రీకరణ ఉన్నట్టే. మన ఉదాహరణలో అది 40.

ఇంకా కొన్ని ఉన్నాయి. బాగా పెరిగిన అంశాలకే గ్రాఫు వేసి తగ్గినవాటిని పట్టికలో వదిలేయడం, తక్కువగా ఉన్న సంవత్సరం నుంచి మొదలుపెట్టడం, త్రిమితీయ కమ్మీలు గీయడం, విలువ రెండింతలైతే బొమ్మను ఎత్తులోనూ వెడల్పులోనూ రెండింతలు చేసి వైశాల్యం నాలుగింతలయ్యేలా చూపడం. అమూర్త ఆస్తుల విషయంలో ఈ దోషాలు మరీ ప్రమాదకరం. అమ్మకాల గ్రాఫు వక్రంగా ఉంటే పక్క పేజీలో ఆడిట్ అయిన అంకె దిద్దుతుంది. సంతృప్తి సూచికకు అలా దిద్దే అంకె నివేదికలో మరెక్కడా ఉండదు.

ఫోటోలు వాడవచ్చా?

వాడవచ్చు, సమాచారం ఇచ్చేవి అయితే. అరువు తెచ్చుకున్న ఫోటోలో నవ్వుతున్న అపరిచితులు కంపెనీ మానవ మూలధనం గురించి ఏమీ చెప్పరు. ప్రయోగశాలలో ఒక నమూనా మూడు దశల్లో ఎలా మారిందో చూపే ఫోటోలు, కింద తేదీలతో సహా, చెబుతాయి. ఉద్యోగుల ఫోటోలకు వారి అనుమతి అవసరం.

ఏ సూచికలు ఎంచుకోవాలి?

కథనంలో చెప్పిన అంశాలకు చెందినవి మాత్రమే. శిక్షణ గంటలు, పేటెంట్ల సంఖ్య తేలికగా దొరుకుతాయి కాబట్టి అందరూ ఇస్తారు. శిక్షణ వల్ల ఏం మారిందో, ఆ పేటెంట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో చెప్పకపోతే అవి ఖర్చును మాత్రమే చూపుతాయి. మానవ వనరుల కోసం 2018లో వచ్చిన ఐఎస్ఓ 30414 ఎంచుకోవడానికి మంచి జాబితా ఇస్తుంది. ఏది ఎంచుకున్నా ఎలా లెక్కించారో పక్కనే చెప్పాలి, గత ఏళ్ల అంకెలు చూపాలి, నిర్వచనం మారిస్తే పాత అంకెలను కూడా కొత్త నిర్వచనంతో తిరిగి లెక్కించాలి. అంకె తగ్గిన ఏడాదే సూచికను మార్చేస్తే ఎంత చక్కని వివరణ ఇచ్చినా ఎవరూ నమ్మరు.

ఆడిటర్ ఈ భాగాన్ని పరిశీలిస్తారా?

చదువుతారు, హామీ ఇవ్వరు. సవరించిన ఆడిటింగ్ ప్రమాణం ఐఎస్ఏ 720 ప్రకారం వార్షిక నివేదికలోని ఇతర సమాచారాన్ని ఆడిటర్ చదివి, ఆర్థిక నివేదికలతోగానీ ఆడిట్‌లో తమకు తెలిసిన విషయాలతోగానీ అది గణనీయంగా విభేదిస్తోందా అని చూడాలి. సంతృప్తి సూచిక నిజమా కాదా అని వారు ధ్రువీకరించరు. అలాంటి హామీ కావాలంటే కంపెనీ విడిగా ఏర్పాటు చేసుకోవాలి, అది ఏయే అంశాలకు వర్తిస్తుందో నివేదికలో స్పష్టంగా రాయాలి.

ఇంత వివరంగా రాస్తే పోటీదారులకు రహస్యాలు తెలిసిపోవా?

ఈ భయంలో కొంత నిజం ఉంది, చాలావరకు సాకు కూడా ఉంది. సూత్రం, సోర్స్ కోడ్, ధరల ఒప్పందాలు, ఇంకా దరఖాస్తు చేయని ఆవిష్కరణ బయటపెట్టకూడదు. నిపుణుడు తయారవడానికి ఎంత కాలం పడుతుంది, ప్రధాన పేటెంటు గడువు ఎప్పుడు ముగుస్తుంది, ఆదాయంలో ఎంత భాగం దాని మీద ఆధారపడి ఉంది వంటివి పోటీదారులకు ఇప్పటికే తెలిసి ఉంటాయి లేదా సులువుగా ఊహించగలరు. పేటెంట్ వివరాలు ఎలాగూ బహిరంగ పత్రాలే. తెలియనిది మదుపరికే. రహస్యమైన సమాచారాన్ని కచ్చితమైన అంకెకు బదులు పరిధిగా ఇవ్వడం, లేదా ఉత్పత్తి పేరు చెప్పకుండా విభాగం స్థాయిలో చెప్పడం సరిపోతుంది.

తెర మీద చదివేవారికి బొమ్మలు ఎలా చేరాలి?

ఐరోపా సమాఖ్యలో లిస్టయిన కంపెనీల వార్షిక నివేదికలు ఇప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకునే ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రూపంలో ఉండాలి; మరిన్ని దేశాలు కూడా డిజిటల్ నివేదికల వైపు వెళ్తున్నాయి. బొమ్మగా అతికించిన పటంలోని అంకెలను కంప్యూటర్ సులువుగా చదవలేదు, చూపు లేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా చదవలేదు. అందువల్ల ప్రతి పటానికీ ప్రత్యామ్నాయ పాఠం జోడించాలి. ‘విలువ సృష్టి పటం’ అని రాసి వదిలేస్తే చాలదు. అది చూపే సంబంధాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. ఆ వాక్యాలు రాయడం కష్టమనిపిస్తే పటంలోనే ఏదో లోపం ఉండి ఉండవచ్చు. రంగు తేడా మీదే ఆధారపడకుండా గీతల రకాన్ని కూడా మార్చడం, గ్రాఫుల వెనుక ఉన్న అంకెలను పట్టికగా ఇవ్వడం అవసరం.

చిన్న సంస్థ ఇదంతా ఎక్కడ మొదలుపెట్టాలి?

నివేదిక తయారీ సంస్థతో కాదు, లోపలి మనుషులతో. అమ్మకాలు, ఉత్పత్తి, మానవ వనరులు, ఆర్థిక విభాగాల నుంచి ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, ‘రేపు ఏది పోతే మన ఆదాయం పడిపోతుంది?’ అని అడిగితే జాబితా తయారవుతుంది. అందులోంచి రెండు మూడు అంశాలే ఎంచుకుని, ఒక్కో దానికి ఒక పేరా, ఒక సూచిక, అవసరమైతే ఒక పటం చొప్పున మొదటి ఏడాది రెండు పేజీలకు మించకుండా రాయాలి. డిజైనరును మొదటి సమావేశానికే పిలవడం మంచిది. రాత పూర్తయ్యాక ఖాళీలు నింపడానికి పిలిస్తే అలంకారమే వస్తుంది, ఆలోచన ఉన్నప్పుడే పిలిస్తే ఏది వాక్యం కావాలో ఏది పటం కావాలో అప్పుడే తేలుతుంది. రెండో ఏడాది నివేదిక మొదలుపెట్టే ముందు మొదటి ఏడాది రాసినదాన్ని పక్కన పెట్టుకుని, అందులో చేస్తామన్న ప్రతి పనికీ ఏమైందో ముందు రాయాలి. కొత్త అంశాలు ఆ తర్వాతే.